నడిమి విద్యార్థి లెక్క

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట రెండు మూడు నెలలపాటు నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అనగా ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు, మర్రిపాడు ప్రాంతములయందు, ఏ అరుగుమీద కూర్చున్నను ఒకే ప్రసంగము వినవచ్చుచుండును. డి.సి.పల్లిలోను కలిగిరిలోను పొగాకు వేలము సాగు దినములును, చెన్నపట్టణము మొదలుకొని అమరావతి వరకుగల ప్రైవేటు విశ్వవిద్యాలయములు తొలివిడత రుసుమునకు గడువు విధించు దినములును ఇంచుమించుగా ఒకటియే యగుటచేత, బేలునకు పలికిన ధరనుబట్టి ఏ యింటి పిల్లవాడు ఏ ఊరిలో ఏ బ్రాంచిలో చేరునో నిర్ణయమగుచున్నదన్నను అతిశయోక్తి గాదు. ఆకును తాకి, వేళ్ళతో నలిపి, రంగును పరికించి గాని కిలోకొక రూపాయి పెంచని వ్యాపారిని ఏటేట ఎదుర్కొనుచున్న రైతు, తానే కొనుగోలుదారుడై నిలిచినప్పుడు మాత్రము, అద్దాల మేడల చిత్రములు గల కరపత్రమును, ఎవరో ఒక్కనికి దక్కిన అత్యధిక వేతనమును పెద్ద అంకెలలో అచ్చొత్తిన ప్రకటనను చూచి, పది లక్షల బేరమును ఒక్క ప్రశ్నయు వేయకుండ ముగించుచున్నాడు. “సీటు దొరికింది గదా, అప్పుదేముంది, వాడు ఉద్యోగంలో చేరినాక తీర్చుకుంటాడులే” అనునది అచ్చట తరచుగా వినబడు మాట. వాడు నిజముగా తీర్చుకొనగలడా యనునదే ఇచ్చట విచారింపబూనిన విషయము.

దాతల భూములతోను, ఊరివారి విరాళములతోను కళాశాలలు వెలసిన కాలమొకటి ఈ జిల్లాకు కలదు. ఉదయగిరి సీమ పిల్లలెందరో చదువుకై దిగివచ్చిన కావలిలో 1951లో దొడ్ల రామచంద్రారెడ్డిగారు స్థాపించిన జవహర్ భారతి అట్టి కాలపు బిడ్డ. 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల ఏర్పడుటతో రాష్ట్రమున ప్రైవేటు ఇంజనీరింగు విద్యకు నాందీ పలికినట్లైనది. 1983 నాటికే క్యాపిటేషను రుసుమును నిషేధించుచు శాసనము చేయవలసి వచ్చినది; 1986లో ఎంసెట్ వచ్చినది; 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రతివాదిగా నిలిచిన ఆ వ్యాజ్యములో, సర్వోన్నత న్యాయస్థానము రుసుములకు కళ్ళెము వేయజూచినది; 2002లో విస్తృత ధర్మాసనమొకటి ఆ కళ్ళెమును చాలవరకు సడలించినది. 2016లో రాష్ట్ర ప్రైవేటు విశ్వవిద్యాలయముల శాసనము, మరుసటి యేడు అమరావతిలో విఐటి, ఎస్‌ఆర్‌ఎం సంస్థల ప్రాంగణములు. ఈ నలుబదియేండ్ల చరిత్రయందు న్యాయమూర్తులు, మంత్రులు, యాజమాన్యములు రుసుము ఎంత యుండవలెనని వాదించుకొనిరేగాని, ఆ రుసుము పెట్టి కొన్నవానికి చివరకేమి మిగులునో లెక్కగట్టి చెప్పుట తమ పనిగా ఎవ్వరును ఎంచుకొనలేదు.

ఉదయగిరి విషయమున ఈ సందర్భమునందే ఒక సంగతి చెప్పవలసియున్నది. దుర్గము నీడన మేకపాటి కుటుంబమువారు నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాల, ప్రజల నోట ‘మెరిట్స్’, ఆ మెట్టకు చాలకాలము ఒక గర్వకారణమై యుండెను. ఆత్మకూరు శాసనసభ్యులును రాష్ట్రమంత్రియునైన మేకపాటి గౌతమ్ రెడ్డిగారు 2022 ఫిబ్రవరి 21న అకాలమృత్యువు వాతబడగా, అంత్యక్రియలు ఆ ప్రాంగణముననే జరిగినవి. పిదప తండ్రి రాజమోహన్ రెడ్డిగారు ఆ కళాశాలను ప్రభుత్వమునకు అప్పగించి, కుమారుని పేర వ్యవసాయ, ఉద్యాన విద్యలకు నిలయముగా చేయవలసినదని కోరుటయు, ప్రభుత్వము సమ్మతించుటయు జరిగినవి. పుత్రశోకమున కలిగిన సంకల్పమును అర్థశాస్త్రపు తక్కెడలో తూచుట మర్యాద గాదు. అయినను ఆ మార్పు నన్నాలోచింపజేసినది. వాననీటికై మొగము వాచియున్న సీమయది. వెలిగొండ నీరు వచ్చునని తరములుగా ఎదురుచూచుచున్న సీమ. మినుము, పెసర, పొగాకు, బత్తాయి తోటలు, కొండచెక్కతో గరిటెలు చెంచాలు చెక్కు చేతిపని తప్ప వేరు జీవనాధారము తక్కువైన చోటు. అట్టి చోట వ్యవసాయ విద్యయే తగినదని కళాశాలను కట్టించినవారికే తోచగా, ఆ చుట్టుపట్ల యిండ్లలో మాత్రము కంప్యూటరు సైన్సు తప్ప వేరొక శాస్త్రము సృష్టిలో లేదన్నట్లు మాటలాడుకొనుచుండుట వింతగా నున్నది.

ఇక లెక్కకు వత్తము. పేరుగాంచిన ప్రైవేటు విశ్వవిద్యాలయములలో ట్యూషను, వసతి, భోజనము కలిపి యేటికి రెండున్నర లక్షలు మొదలుకొని నాలుగైదు లక్షల వరకు వ్యయమగుచున్నది. మనము తక్కువ మొత్తమునే తీసికొందము. ఏటికి రెండున్నర లక్షల చొప్పున నాలుగేండ్లు బ్యాంకునందు నూటికి పది వడ్డీపై అప్పు చేసి, చదువు ముగిసిన యేడాదికి వాయిదాలు ఆరంభించినచో, సాధారణ వడ్డీయే మూడున్నర లక్షలు పేరుకొని అప్పు పదమూడున్నర లక్షలగును. దానిని పదియేండ్లలో తీర్చవలెనన్న నెలకు 17,800 రూపాయలకు పైచిలుకు కట్టవలెను. కట్టిన సొమ్మంతయు కూడిన 21 లక్షలు దాటును. బ్యాంకువారు ఏడున్నర లక్షలకు మించిన అప్పునకు ఆస్తి హామీ కోరుదురు గనుకను, మెట్ట పొలముల దస్తావేజులు తాతల పేరనే నిలిచిపోయియుండుట తరచు గనుకను, చాల కుటుంబములు ఊరిలోనే రెండు రూపాయల వడ్డీకి దిగుచున్నవి. రెండు రూపాయల వడ్డీ యనగా ఏటికి నూటికి ఇరువదినాలుగు. అదే పది లక్షలు ఆ వడ్డీతో ఐదవ యేడు ముగియునప్పటికి పదునెనిమిది లక్షల నలుబదివేలగును, అదియు చక్రవడ్డీ వేయని మంచివాడు దొరికినచో.

ఇటు రాబడి చూతము. పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థలు కళాశాలలకు వచ్చి గుంపుగా ఎన్నుకొను క్రొత్తవారికిచ్చు వేతనము ఏటికి మూడు నాలుగు లక్షల మధ్య సంవత్సరములుగా కదలక నిలిచియున్నది. ధరలు పెరిగినవి, రుసుములు పెరిగినవి, అది మాత్రము పెరుగలేదు. మూడున్నర లక్షల జీతగానికి నెలకు చేతికందునది ఇరువదియైదువేలకు అటునిటు. అందు పదునెనిమిదివేలు బ్యాంకునకు పోగా మిగిలిన ఏడువేలతో బెంగుళూరులో పేయింగు గెస్టుగా మంచము సంపాదించి, రెండు పూటల తిని, బస్సెక్కి కార్యాలయమునకు పోవలెను. 2022లో పట్టము పుచ్చుకొన్నవారిలో కొందరు నియామకపత్రము చేతబట్టుకొని పిలుపు కొరకు రెండేండ్లు నిరీక్షించిరి. వారికి ఆ ఏడువేలును లేవు.

అట్లని ప్రైవేటు విశ్వవిద్యాలయపు పట్టము వ్యర్థమని తేల్చుట తొందరపాటగును. పట్టమునకును పట్టము లేకపోవుటకును నడుమ పోలిక తీయుట పొరపాటు. తీయవలసిన పోలిక పది లక్షల పట్టమునకును, ఆ పిల్లవానికే అందుబాటులోనున్న చవక పట్టమునకును నడుమ. నెల్లూరులోనో, కావలిలోనో, తిరుపతిలోనో కన్వీనరు కోటాలో సీటు వచ్చినవానికి, కుటుంబపు ఆదాయము రెండున్నర లక్షల లోపును, పొలము నిబంధనలకు లోబడియు ఉన్నచో, ట్యూషను రుసుము ప్రభుత్వమే చెల్లించును. మెట్ట భూమి ఇరువదియైదెకరముల లోపువారు కూడ అర్హులని నిబంధన చేయుటచే ఈ ప్రాంతపు రైతుకుటుంబములలో అనేకము ఆ పరిధిలోనికే వచ్చినవి. (ఆ సొమ్ము సకాలమున వచ్చునా, తల్లి ఖాతాలో పడునా కళాశాల ఖాతాలో పడునా యనునది ప్రభుత్వములు మారినప్పుడెల్ల మారుచుండు వేరొక పురాణము.) కనుక అడుగదగిన ప్రశ్న ఇది: ఇచ్చట లేనిదియు అచ్చట ఉన్నదియునైన దేనికొరకు ఎనిమిదితొమ్మిది లక్షలు అధికముగా చెల్లించుచున్నాము? ఆ అధికము ఈ పిల్లవానికి దక్కునా, లేక ప్రకటనలోని బొమ్మగా వెలసిన ఆ ఒక్కనికే దక్కునా?

ఇచ్చటనే నడిమి విద్యార్థి ప్రసక్తి. తరగతిలోని నూరుగురిని తెలివిని బట్టియో, అదృష్టమును బట్టియో వరుసగా నిలిపినచో, యాబదవ చోటున నిలుచువాడెవ్వడో వానికి ఆ విద్యాలయమేమి చేసినదో తెలిసిననాడు ఆ పట్టము విలువ తెలియును. మొదటి ఐదుగురు ఎచ్చట చదివినను పైకి వత్తురు. వారిని చూపించి సీట్లమ్ముట విద్యాలయముల కౌశలము. ప్రతి తండ్రియు తన కుమారుడు ఆ ఐదుగురిలో ఒకడని నమ్ముట సహజము, మిక్కిలి ప్రీతికరము కూడ. కాని రెండువేల మంది చేరిన చోట రెండువేల మంది తండ్రులును అట్లే నమ్మియుందురుగదా.

నడిమివాని సమాచారము అసలు దొరకదని చెప్పుట కూడ సరిగాదు. కేంద్ర విద్యాశాఖ 2016 నుండి ప్రకటించుచున్న జాతీయ ర్యాంకుల విధానము, అనగా ఎన్‌ఐఆర్‌ఎఫ్, దానిలో పాల్గొను ప్రతి సంస్థనుండి ఒక పత్రమును సేకరించి అందరికిని కనబడునట్లు ఉంచుచున్నది. తొలియేట ఎందరు చేరిరి, నియమితకాలమున ఎందరు ఉత్తీర్ణులైరి, అందెందరికి ఉద్యోగములు దొరికినవి, ఎందరు పైచదువులకు పోయిరి, ఉద్యోగము దొరికినవారి నడిమి వేతనమెంత అను వివరములన్నియు అందు కలవు. ర్యాంకును చూచువారు లక్షలు. ఆ పత్రమును తెరచి చదువువారు నాకు తెలిసినంతలో బహు స్వల్పము. తెరచినవారును ఒకచోట జారిపడుట కలదు, ఏలయన ఆ నడిమి వేతనము ఉద్యోగము దొరికినవారిలో నడిమివానిదే గాని, చేరినవారిలో నడిమివానిది గాదు. ఊహకు ఒక లెక్క వేయుదము. వేయిమంది చేరిరి, ఎనిమిదివందలమంది సకాలమున గట్టెక్కిరి, ఐదువందలమందికి కొలువులు దొరికినవి, వారి నడిమి వేతనము ఐదు లక్షలు అని పత్రములో నున్నదనుకొందము. వినుటకు బాగుగనేయున్నది. అయినను, ఆ ఐదువందలలో సగము మందికే ఐదు లక్షలు గాని, అంతకు మించి గాని లభించినది. అనగా చేరిన నూటికి ఇరువదియైదుగురికి. తక్కిన డెబ్బదియైదుగురిలో మూడింట రెండు వంతులవారు కొలువు దొరకని లెక్కలోనే యున్నారు. వారిలో పైచదువులకు పోయినవారెందరో ఆ ప్రక్క గడిలోనే చూచి తీసివేసికొనవచ్చును. పత్రములోని అంకెలు అబద్ధములు గావు. వానిని ఏ సంఖ్యతో భాగింపవలెనో తెలిసికొనుటలోనే యున్నది కిటుకంతయు. కొన్ని విద్యాలయములు తమ ప్రకటనలలో ఉద్యోగములు పొందిన విద్యార్థులను గాక, వచ్చిన నియామకపత్రములను లెక్కించును; ఒక్క చురుకైన పిల్ల మూడు పత్రములు పొందినచో అది మూడుగా నమోదగును.

విద్యాసంస్థల నాణ్యతను తూచు న్యాక్ వారి గ్రేడులను నమ్మి నిశ్చింతగానుండుటయు క్షేమకరము గాదు. 2025 ఫిబ్రవరి తొలినాళ్ళలో, గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయమునకు అనుకూలమైన న్యాక్ గ్రేడు నిచ్చుటకు లంచము చేతులు మారినదన్న ఆరోపణపై సి.బి.ఐ. వారు తనిఖీకి వచ్చిన సంఘపు సభ్యులనే అరెస్టు చేసిరి. నిజానిజములు న్యాయస్థానము తేల్చును. అంతవరకు ప్రవేశద్వారముపై చెక్కిన అక్షరమునకు మనము ఎంత విలువ నీయవలెనో మనమే తేల్చుకొనవలెను. దానికంటె బ్యాంకువాని చూపు నమ్మదగినదని నా యభిప్రాయము. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము, ఏడున్నర లక్షల వరకు అప్పులో ముప్పాతిక వంతునకు ప్రభుత్వమే పూచీ నిలుచునట్లు ఏర్పాటు చేసినది. అయితే ర్యాంకులలో ముందున్న ఎన్నికైన సంస్థలలో చేరినవారికి మాత్రమే. తమ పిల్లవాడు చేరబోవు విశ్వవిద్యాలయము ఆ పట్టికలో లేదని తెలిసినచో, పూచీ పడుటకు ప్రభుత్వము వెనుకాడినచోట తాము పొలము తనఖా పెట్టుచున్నామని తండ్రి గ్రహింపవలెను.

ఇంతగా చెప్పినను ప్రైవేటు విశ్వవిద్యాలయములలో మెచ్చదగినవి లేకపోలేదు. పాఠ్యప్రణాళికను ఏటేట మార్చుకొను స్వేచ్ఛ వానికున్నది; అనుబంధ కళాశాలలో పదియేండ్లనాటి పాఠమును వల్లెవేయించుచుండగా అచ్చట క్రొత్త విషయములు బోధించుట కలదు. దేశపు నలుమూలలనుండి వచ్చినవారితో నాలుగేండ్లు కలిసి యుండుటచే, సీతారామపురము దాటి ఎరుగని పిల్లవానికి మాటయందు జంకు పోవును, ఆంగ్లమున నాలుక తిరుగును. ఈ లాభమును రూపాయలలోనికి మార్చలేము, కాని కాదనలేము. తండ్రి అప్పు చేయనక్కరలేక, ఏటి రాబడిలోనుండియే రుసుము కట్టగలవాడైనచో, అట్టి ప్రాంగణమునకు పంపుట విలాసము గావచ్చునేగాని తప్పు గాదు. విద్యను ధనముతో కొలువరాదని గంభీరముగా బోధించువారు కూడ కలరు. ఆ మాట గురువు నోటనుండి వచ్చినచో శిరసావహింతును. రుసుములో ఆలస్యమునకు రోజుకింత జరిమానా విధించు కార్యాలయమునుండి వచ్చినచో మాత్రము అంగీకరింపజాలను.

కష్టము అప్పుతోడనే. అప్పు చేయక తప్పని కుటుంబము ముందు వెదుకవలసిన దారులు వేరు. రాష్ట్రములోని ప్రైవేటు విశ్వవిద్యాలయములలోనే నూటికి ముప్పదియైదు సీట్లు కన్వీనరు కోటాలో నింపవలెనని శాసనమును సవరించి 2021 నుండి అమలుచేసిరి. ఆ ప్రాంగణమే, ఆ ఆచార్యులే, ఆ పట్టమే, పొరుగు బెంచీలో కూర్చున్నవాడు చెల్లించు రుసుములో కొద్దిభాగమునకే లభించుచుండగా, ఆ సంగతియే తెలియక యాజమాన్యపు సీటునకు ముందుగా సొమ్ము కట్టినవారెందరో కలరు. ముందు కట్టించుటలోని రహస్యమును ఇదియే: ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్) ఫలితము రాకముందే చేయి బిగించిన బేరము వెనుకకు తిరుగుట కష్టము. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చిన పల్లె బిడ్డలకు 2008లో ఏర్పడిన ఆర్‌జియుకెటి వారి ఇడుపులపాయ, ఒంగోలు ప్రాంగణములు ఆరేండ్ల చదువును స్వల్ప వ్యయముతో ఇచ్చుచున్నవి. ట్రిపుల్ ఐటీ యనిన ఎల్లరెరుగుదురు. పాలిటెక్నిక్ దారి మరుగుపడినది గాని మూసికొనిపోలేదు. పాలిసెట్ వ్రాసి డిప్లొమా ముగించినవాడు పందొమ్మిదేండ్లకే శ్రీసిటీలోనో కృష్ణపట్నము దాపుననో పనిలో కుదురుకొనవచ్చును, లేదా ఈసెట్ వ్రాసి బి.టెక్ రెండవ యేటిలోనికి నేరుగా ప్రవేశింపవచ్చును. ఒక సంవత్సరపు రుసుము అట్లే మిగులును. డిప్లొమా యనగానే సంబంధములు రావని పెదవి విరుచువారికి నా యొద్ద సమాధానము లేదు, ఏలయన అది విద్యావిషయము గాదు.

అమెరికా మాటయు చెప్పవలసియున్నది, ఎందుకనగా పది లక్షలకు వెనుదీయని తండ్రి మనస్సులో తరచుగా దాగియుండునది ఆ మాటయే. ఇచ్చటి పట్టము అచ్చటి ఎం.ఎస్.కు మెట్టు, అచ్చటి జీతము ఇచ్చటి అప్పునకు మందు అను లెక్క ఒక తరమునకు నిజముగా ఫలించినది. ఆ ఫలమును చూచియే ఊరిలో మేడలు లేచినవి. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్‌-1బి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించుచు అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు వెలువరించుటతో ఆ లెక్కలోని చివరి పంక్తి సందేహములో పడినది. రేపు మరల వ్రాయబడవచ్చును. కాని నాలుగేండ్ల పిదప పరదేశపు పాలకుని చిత్తమెట్లుండునో ఊహించి నేడు పొలము కుదువబెట్టుట వ్యవసాయములోని జూదముకంటె పెద్ద జూదము.

ఆ అమెరికాయందే మనము నేర్వదగినదొకటి కలదు. 2015లో అచ్చటి ప్రభుత్వము కాలేజ్ స్కోర్‌కార్డు అను పేర ఒక పట్టికను ప్రజలముందుంచినది. ఏ కళాశాలలో చదివినవారు కొన్నేండ్లకు ఎంత సంపాదించుచున్నారు, ఎంత అప్పుతో బయటికి వచ్చుచున్నారు అను అంకెలు అందు లభించును; వానిలో సంపాదన అంకెలు ప్రభుత్వ సహాయము పొందిన విద్యార్థుల పన్ను లెక్కలనుండి తీసినవి. కళాశాల చెప్పిన మాట గాక పన్నులశాఖ యెరిగిన మాట యగుటయే దాని బలము. మన రాష్ట్రమున రుసుము తిరిగి చెల్లించుటకై ప్రతి విద్యార్థి ఆధారు సంఖ్యయు, కళాశాలయు, బ్రాంచియు ప్రభుత్వమునొద్ద ఇదివరకే నమోదైయున్నవి. ప్రజల సొమ్ము వేలకోట్లు వెచ్చించిన ప్రభుత్వము, ఆ సొమ్ముతో చదివినవారిలో ఎందరి పేర భవిష్యనిధి ఖాతా తెరచుకొన్నదో కళాశాలల వారీగా ప్రకటించుటకు క్రొత్త సర్వే ఏదియు అక్కరలేదు. కౌన్సెలింగులో సీటు ఎన్నుకొను తెరమీదనే, కళాశాల పేరు ప్రక్కన, రుసుము ప్రక్కన, ఆ యొక్క అంకె కనబడినచో చాలును. కొన్ని కళాశాలలు దానిని చూచి నొచ్చుకొనును; నొచ్చుకొననిండు.

ఇక చివరగా ఒక దృశ్యము. ఈ మెట్టలో అనేక కుటుంబములయందు అన్నకు ప్రైవేటు విశ్వవిద్యాలయములో యాజమాన్యపు సీటు కొన్న యేడాదికో రెండేండ్లకో చెల్లెలి వంతు వచ్చును. ఆమెకు మార్కులు అన్నకంటె ఎక్కువగనే వచ్చియుండును. అప్పుడు తండ్రి ఊరికి దగ్గరి కళాశాలలన్నిటిని విచారించును. బస్సు ఉన్నదా, రుసుమెంత, అందు ప్రభుత్వమిచ్చునదెంత, హాస్టలులో భోజనమెట్లుండును, ఈ చదువు చదివిన ఫలానివారి అమ్మాయి ఇప్పుడేమి చేయుచున్నది, ఉద్యోగము రాకున్న ఎట్లు, నాలుగేండ్లలో మానిపించవలసివచ్చిన కట్టిన సొమ్ము ఏమగును అని ఒక్కొక్కటిగా అడిగి, సమాధానములు సరిపోల్చి, చవకలో మేలైనదానిని చక్కగా ఎన్నును. ఒక్క ప్రశ్నయు మరచిపోడు. అన్న విషయమున అడుగనివి ఏవియో ఆ ప్రశ్నలన్నియు నాతనికి తెలిసినవే. చెల్లెలు కన్వీనరు సీటులో చేరి, అన్న చదువునకు చేసిన అప్పు వడ్డీ కట్టు నెలలలో తన హాస్టలు రుసుము ఆలస్యమైనప్పుడు కార్యాలయములో నిలుచుండి గడువడుగుచుండును.